.22 రైఫిల్ గురి సాధనకేనా, చేను కాపలాకూ పనికొస్తుందా?

మెట్టచేను (ఉదయగిరి):
ఈ వారం మా క్లబ్బుకి కొత్త .22 (గొట్టం రంధ్రం 0.22 అంగుళాలు) బోల్ట్ రైఫిల్ వచ్చింది. పట్టుకుని చూసినకాడికి చెప్తున్నా. బరువు మూడు కిలోల లోపే. బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) రవ్వ బిర్రుగా ఉంది గానీ గరగర లేదు. ట్రిగ్గర్ ఒకచోట ఆగి టక్కున తెగుతుంది. మ్యాగజైన్‌లో అయిదు తూటాలు. భుజానికి తన్నే తన్నదు. పన్నెండు బోరు (గుళ్లు పేల్చే పెద్ద తుపాకీ) పక్కన దీని చప్పుడు చప్పట్లు కొట్టినట్టే. 25 మీటర్లలో అయిదు దెబ్బలూ రూపాయి బిళ్ల కింద దాక్కున్నాయి.

అసలు ప్రశ్న ఇది. వేరుశనగ ఊడలు దిగే వేళకి అడవి పందులు దిగుతాయి, ఒక్క రాత్రిలో అరెకరం దున్నేసి పోతాయి. విదేశీ వీడియోల్లో .22నే చిన్న జంతువుల వేటకు మొదటి రైఫిల్ అంటారు. ఇంత గురి ఉన్నదాన్ని కాపలాకు ఎందుకు వాడకూడదు? 40 మీటర్లలో చెవి వెనక ఒక్కటి పడితే చాలదా? పన్నెండు బోరే కావాలనేవాళ్లు కారణం చెప్పండి.

పెన్నా_ఇసుక (నెల్లూరు):
25 మీటర్లకు రూపాయి బిళ్ల అంటే మంచి .22 ఏదైనా చేసే పనే అన్నా. రైఫిల్‌ని తేల్చాలంటే ఇసుక సంచి మీద ఆనించి 50 మీటర్లలో అయిదేసి దెబ్బల గ్రూపులు అయిదు కొట్టాలి. బాగా కుదిరిన ఒక్క గ్రూపు ఫోటో చూపించి మురిసిపోతే కాదు.

దానికి ముందు గొట్టం తుడిచారా? కంపెనీలో పూసిన గ్రీజు గొట్టంలోనూ, తూటా కూర్చునే చాంబర్లోనూ అట్నే ఉంటుంది. బోల్ట్ తీసేసి, వెనక నుంచి మూతి వైపుకి గుడ్డ లాగాలి, పొడిగా వచ్చేదాకా. మూతి వైపు నుంచి ఇనప చువ్వ దూర్చి రుద్దారంటే మూతి అంచు అరుగుతుంది. బుల్లెట్ గొట్టాన్ని చివరగా వదిలేది ఆ అంచు దగ్గరే కాబట్టి, అక్కడ వెంట్రుకంత తేడా వచ్చినా గ్రూపు చెదురుతుంది.

తూటా రకం మారిస్తే తొలి 15, 20 దెబ్బలు లెక్కలోకి తీసుకోవద్దు. .22 బుల్లెట్‌కి పైన మైనం లాంటి పూత ఉంటుంది. పాత రకం పూత పోయి కొత్తది గొట్టానికి పట్టేదాకా దెబ్బలు తిరుగుతాయి. ఒకే రైఫిల్ ఒక రకంతో 50 మీటర్లలో 20 మి.మీ. ఇచ్చి, ఇంకో రకంతో 45 మి.మీ. ఇవ్వడం మామూలే. నాలుగు రకాలు ప్రయత్నించి, కుదిరిన రకం ఒకే విడతలో తయారైన లాట్‌లో ఎక్కువ తీసుకోండి.

ఇంకోటి, కొత్త రైఫిల్ చేతికి రాగానే అందరూ చేసే పని: ఖాళీ చాంబర్ మీద టక్ టక్‌మని ట్రిగ్గర్ నొక్కడం. పెద్ద తూటాలకు పిన్ను (తూటాని కొట్టి పేల్చే మొన) మధ్యలో కొడుతుంది, దీనికి అంచు మీద కొడుతుంది. అక్కడ తూటా లేకపోతే కొన్ని రైఫిళ్లలో పిన్ను నేరుగా చాంబర్ అంచునే కొట్టి గుంట చేస్తుంది. ఆ తర్వాత ఖాళీ కేసులు బయటికి రాకుండా ఇరుక్కుంటాయి, తప్పేమో కేసుని బయటికి లాగే కొక్కెం, అంటే ఎక్స్‌ట్రాక్టర్ మీద పెడతారు. ట్రిగ్గర్ సాధనకి గోడ స్క్రూలకు వాడే చిన్న పసుపుపచ్చ ప్లాస్టిక్ ప్లగ్గు చాంబర్లో పెట్టుకోండి, పది పన్నెండు దెబ్బలకోసారి మార్చండి. చౌకలో పని అయిపోతుంది.

గుండ్లకమ్మ_గట్టు (ఒంగోలు):
పందుల ప్రశ్నకు చట్టం వైపు నుంచి జవాబు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ 3వ ఉపసెక్షన్ చూడండి. రక్షణకు, క్రీడకు అయితే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నగొట్టం తుపాకీ (గొట్టం లోపల మెలిక గాడులు లేనిది, పన్నెండు బోరు లాంటిది). నిజమైన పంట కాపలాకు మందు కూరి పేల్చే తుపాకీ, అది చాలదని అధికారికి తోస్తే మరో నున్నగొట్టం తుపాకీ. .22 రైఫిల్ పేరెత్తింది గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బు సభ్యుడి గురి సాధన కోసం. అంటే చట్టం రాసినవాళ్లే ఏది దేనికో విడదీసి పెట్టారు. గురి సాధనకని తీసుకున్నదాన్ని చేలోకి మోసుకుపోతే లైసెన్సు షరతు మీరినట్టే, 30వ సెక్షన్ కింద కేసు.

ఇంకో లెక్క కూడా చూసుకోండి. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుకు మూడు తుపాకులు కాదు, రెండే. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. కాపలా పేరుతో .22 కొనుక్కుంటే మిగిలేది ఒక్క ఖాళీ.

మెట్టచేను:
అదే ఉపసెక్షన్‌లో తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కలిగితే ఇంకే సందర్భంలోనైనా లైసెన్సు ఇవ్వొచ్చని కూడా ఉంది గదన్నా. పంట పోవడం తగిన కారణం కాదా? అయినా నేనడిగింది కాగితం గురించి కాదు. వస్తువుకు ఆ పని చేసే సత్తా ఉందా లేదా? తల మీద పడితే ఎంత పెద్దదైనా పడదా?

పెన్నా_ఇసుక:
సత్తా లేదు. లెక్క ఇదిగో. మామూలు .22 లాంగ్ రైఫిల్ బుల్లెట్ 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. సెకనుకు 325 మీటర్ల చొప్పున వదిలితే మూతి దగ్గర దాని శక్తి సుమారు 140 జౌళ్లు, 50 మీటర్లకు 115, 120కి వస్తుంది. పన్నెండు బోరులో 28 గ్రాముల గుళ్లు సెకనుకు 400 మీటర్ల వేగంతో వెళ్తే 2,000 జౌళ్ల పైమాటే. ముదురు మగ పంది భుజం మీద తోలు, దాని కింద గట్టి పొర కలిసి డాలు లాగా ఉంటాయి. మెత్తటి సీసం బుల్లెట్ అక్కడే ఆగినా ఆశ్చర్యం లేదు. పంది చావదు. మూడు చేల అవతల పొదలో పడుకుని, పొద్దున నీళ్లు కట్టడానికి పోయినవాడి మీదికి లేస్తుంది.

చెవి వెనక అంటారా? రాత్రి టార్చి వెలుగులో 50 మీటర్లకీ 70కీ తేడా పోల్చలేం. 50కి సర్దిన .22, 70 దగ్గర 5, 6 సెం.మీ. కిందికి పోతుంది. 100కి జానెడు. మీరు కొట్టాలనుకున్న చోటు ఎంతుంటుంది, కోడిగుడ్డంత. కావలి వైపు మధ్యాహ్నం సముద్రపు గాలి గంటకు 16 కిలోమీటర్లతో అడ్డంగా వీస్తే 50 మీటర్లలోనే 2 సెం.మీ. పైగా పక్కకు తోస్తుంది. ఇందులో తమాషా ఏందంటే హై వెలాసిటీ తూటా గాలికి ఇంకా ఎక్కువ కదులుతుంది. ధ్వని వేగం దాటి బయల్దేరి మళ్లీ దాని కిందికి దిగేటప్పుడు గాలి అడ్డం బాగా పెరిగి వేగం పోగొట్టుకుంటుంది, అందుకని. వేగం ఎక్కువ అని అది కొనేవాళ్లు ఈ సంగతి చూడరు.

అంచులో మందు సమంగా పరుచుకోకపోతే తూటా పేలదు కూడా. క్లబ్బులో అయితే గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, బోల్ట్ తెరిచి, తూటాని సగం తిప్పి మళ్లీ పెడతాం. సగానికి సగం రెండో దెబ్బకు పేలతాయి. పంది 30 సెకన్లు ఆగదు.

అన్నిటికంటే పెద్ద భయం జారుడు దెబ్బ. గుండ్రని ముక్కున్న సీసం బుల్లెట్ నీళ్ల మీద, గట్టి నేల మీద వాలుగా తగిలితే పైకి లేచిపోతుంది. కొన్ని తూటాల పెట్టెల మీదే ఒకటిన్నర మైలు దాకా ప్రమాదం అని రాసి ఉంటుంది. మనకేమో చేను పక్కన మడి, మడి పక్కన చెరువు, దాని పక్కన రొయ్యల గుంట, కట్ట మీద కాపలా గుడిసె. వెనక మట్టికట్ట లేని చోట .22 పేల్చడం నాకు ఏ లెక్కన చూసినా ఒప్పు కాదు.

కుర్రోడు_22 (దర్శి):
పంది వద్దులెండి. చెవులపిల్లికి, కౌజుకి ఈ రైఫిల్ సరిగ్గా సరిపోతుంది కదా? పోనీ .177 ఎయిర్ రైఫిల్ అయితే లైసెన్సే అక్కర్లేదంట.

గుండ్లకమ్మ_గట్టు:
తమ్ముడూ, రెండు వేర్వేరు చట్టాల్ని కలిపేశావు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం .177 బోరు మించకుండా, 20 జౌళ్లు దాటకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. అది ఉంచుకోవడానికే. కొట్టేది దేన్ని అనేది 1972 వన్యప్రాణి చట్టం చూసుకుంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం చెవులపిల్లి, కౌజు, అడవి పంది రెండో షెడ్యూల్లో (చట్టం రక్షించే జంతువుల రెండో జాబితా) ఉన్నాయి. నెమలి, కృష్ణజింక మొదటి షెడ్యూల్లో. వడిసెలతో కొట్టినా వేటే, ఉచ్చు పెట్టినా వేటే. వీడియోల్లో చిన్న జంతువుల వేట అనేది వాళ్ల దేశంలో, వాళ్ల పర్మిట్ మీద. మన దగ్గర ఆ మాటకి చోటు లేదు.

పంటను పాడు చేసే రెండో షెడ్యూల్ జంతువు విషయంలో రైతుకు మామూలుగా ఉన్న దారి ఇది. 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. మెట్టచేను అన్నకి కూడా ఇదే. పన్నెండు బోరు లైసెన్సు చేతిలో ఉన్నా ఆ ఉత్తర్వు లేకుండా పందిని కొడితే నేరమే. కాపలా లైసెన్సు ఉంది గదా అని ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు.

డెల్టా_మడి (కోవూరు):
తుపాకీ మాటలు సరే. మా వరి మళ్లలో అసలు శత్రువు ఎలుక, పందికొక్కు. దానికి .22 అనడం దోమకి దుడ్డుకర్ర. యానాదులు బొరియ మూతికి పొగకుండ పెట్టి ఊదితే, మిగతా కన్నాలు మూసేసి ఉంటే, పది నిమిషాల్లో తేలిపోతుంది. చేయాల్సిన వేళ పొట్టకు రాకముందే, గట్లు చెక్కి సన్నం చేసి. పొట్ట దశ దాటాక ఎన్ని పట్టినా గొలుసులు తెగినవి తెగినట్టే.

పందులకు సోలార్ కంచె. తీగలు రెండు చాలు: నేలకు 20, 25 సెం.మీ. ఎత్తున ఒకటి, 45, 50 దగ్గర ఒకటి. కింది తీగ పంది ముక్కుకు తగలాలి. మీద వేశారంటే కింద దూరిపోతుంది. కంచె పనిచేయడం లేదనే ఫిర్యాదులు ఎక్కువగా రెండు చోట్ల తేలతాయి. గడ్డి పెరిగి తీగకు తగలడం, ఎర్తు కడ్డీ ఎండిన నేలలో ఉండడం. ఎండాకాలం ఎర్తు దగ్గర బిందెడు నీళ్లు పోస్తే షాకు మళ్లీ వస్తుంది. మోటారు స్టార్టర్ నుంచి నేరుగా కరెంటు తీగ లాగేవాళ్లు ఈ పద్ధతినీ చెడగొడుతున్నారు, అది మనిషిని చంపుతుంది. సోలార్ మిషను సెకనుకోసారి క్షణకాలం కొట్టి వదిలేస్తుంది, తేడా అదే.

మెట్టచేను:
పంది మీద .22 వద్దన్న మాట ఒప్పుకున్నా. జారుడు దెబ్బ మాటకి జవాబు లేదు. పన్నెండు బోరు మీద మాత్రం మీ అందరికీ ఉన్నంత నమ్మకం నాకు లేదు. ఎన్నికలొస్తే తీసుకుపోయి స్టేషన్లో పెట్టమంటారు, పంట అదే నెలలో ఉంటుంది. ఉత్తర్వు లేకుండా పేల్చేదీ లేదాయె. చప్పుడు కోసమే అయితే డప్పు చాలు. కంచే వేస్తా.

రైఫిల్ గురించి ఇంకో సందేహం. నిన్న 50 మీటర్లలో సంచి మీద కొట్టి చూశాం. మొదటి రెండూ ఒకచోట, తర్వాతి మూడూ కొంచెం పైకి, ఎడమకి. మూడు గ్రూపుల్లోనూ ఇదే వరస. తూటా ఒకే రకం. గొట్టం వేడెక్కినందుకా?

పెన్నా_ఇసుక:
.22 గొట్టం అయిదు దెబ్బలకు అంత వేడెక్కదు. ముందు స్టాక్ (గొట్టాన్ని మోసే, చేత్తో పట్టుకునే భాగం) చూడు. చెక్క స్టాక్ అయితే ఈశాన్య రుతుపవనాల తేమకి ఉబ్బి గొట్టాన్ని ఒకవైపు తాకుతుంది. నోటు కాగితం ఒకటి రెండుగా మడిచి గొట్టం కింద, స్టాక్ కొస నుంచి వెనక్కి లాగుతూ పో. ఎక్కడ ఆగితే అక్కడ తాకుతున్నట్టు. ఆగకపోతే స్టాక్ స్క్రూలు చూడు, ఒక్కో స్క్రూ ఎంత బిగించాలో పుస్తకంలో ఉంటుంది, చేతి బలంతో కాదు. ఆ తర్వాతే సైటు (గురి చూసే పరికరం). సైటు పావు నిమిషం (కోణం కొలత, కాలం కాదు) క్లిక్కుదైతే 50 మీటర్లలో ఒక్కో క్లిక్కు 3.6 మి.మీ. జరుపుతుంది. స్టాక్ తాకుతుండగా క్లిక్కులు తిప్పుకుంటూ కూర్చుంటే వానాకాలం పోయినాక మళ్లీ మొదటికొస్తావు.

దాచేటప్పుడు తోలు కవరులో వద్దు, అది చెమ్మ పట్టి ఉంచుతుంది. నూనె గుడ్డతో పైన తుడిచి అలమారలో నిలబెట్టండి. బోల్ట్ లోపల మాత్రం చిక్కటి నూనె వేయకండి, పిన్ను మందగించి తూటాలు పేలవు.

మెట్టచేను:
కాగితం లాగి చూశా. స్టాక్ కొస నుంచి నాలుగు వేళ్ల లోపల, కుడివైపు ఆగింది.

పెన్నా_ఇసుక:
దొరికింది. కుడి నుంచి తోస్తోంది కాబట్టే ఎడమకి పోతోంది. గుండ్రటి కర్రకి గరుకు కాగితం చుట్టి ఆ వైపు మాత్రమే సన్నగా రుద్దు. రెండు మడతల కాగితం ఆగకుండా చాంబర్ దాకా పోవాలి. రుద్దిన పచ్చి చెక్కకి వెంటనే వార్నిష్ పట్టించు, లేకపోతే వచ్చే వానకి అదే చోట మళ్లీ ఉబ్బుతుంది.