మొదటి అధ్యక్షుడికి నిజాయితీ ఒక్కటే సరిపోతుందా? నైరేరే మీద మీ అభిప్రాయం చెప్పండి

కృష్ణాతీరం:
మొన్న ఇంకో చర్చలో ఒకాయన, దేశానికి మొదటి నాయకుడు నిజాయితీపరుడైతే చాలు, మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి అని రాశారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. అదే నిజమైతే తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా ఎప్పుడో బాగుపడిపోయుండాలి. జూలియస్ నైరేరే 1961 డిసెంబరు 9న స్వతంత్ర టాంగన్యికాకు ప్రధాని అయ్యారు, సరిగ్గా ఏడాదికి అధ్యక్షుడయ్యారు, 1964లో జాంజిబార్‌ని కలుపుకొని టాంజానియా చేశారు, 1985లో తనంతట తానే దిగిపోయారు. సొంతానికి వెనకేసుకున్నాడని ఆయనంటే గిట్టనివాళ్లు కూడా అనరు. అయినా ఆయన దిగిపోయే రోజులకి అక్కడ సబ్బు, చక్కెర, వంటనూనె కోసం జనం క్యూల్లో నిలబడ్డారు. అందుకే సూటిగా అడుగుతున్నా. ఆయన గొప్ప నాయకుడా, మంచి మనిషి మాత్రమేనా? నా ఓటు రెండోదానికే.

పాతపేజీలు:
గొప్ప నాయకుడే అన్నా, అందులో నాకు అనుమానం లేదు. క్యూలు చూశారు సరే, ఆయన ఎక్కడ మొదలుపెట్టారో కూడా చూడండి. బ్రిటిష్‌వాళ్లు వెళ్లేటప్పటికి దేశం మొత్తం మీద శిక్షణ పొందిన ఇంజనీర్లు ఇద్దరు, డాక్టర్లు పన్నెండు మంది అని ఆయనే తర్వాత లెక్క చెప్పేవారు. నూట ఇరవైకి పైగా తెగలు. చుట్టూ ఉన్న దేశాల్లో నాయకులు తమ తెగవాళ్లకి పదవులు పంచుకుంటుంటే ఈయన స్వాహిలీని అందరి భాష చేసి, ఏ పిల్లాడైనా తనది ఫలానా తెగ అని కాకుండా టాంజానియా అని చెప్పేలా చేశారు. ఆయనది జనాకీ అనే చాలా చిన్న తెగ, దాని పేరు చెప్పుకొని ఎవరూ పైకి రాలేదు. పక్కన ఉగాండాలో నియంత ఇదీ అమీన్ వచ్చాడు, కెన్యాలో 2007 ఎన్నికల తర్వాత తెగల పేరుతో చంపుకున్నారు. టాంజానియా ప్రధాన భూభాగంలో అలాంటిది జరగలేదు. దీనికి వెల కట్టగలమా?

ఇంకోటి. 1966లో యూనివర్సిటీ విద్యార్థులు, చదువయ్యాక తప్పనిసరి చేసిన జాతీయ సేవకి వెళ్లం, జీతం తగ్గితే ఒప్పుకోం అని ఊరేగింపుగా ఆయన దగ్గరికే వెళ్లారు. ఆయన వాళ్లని యూనివర్సిటీ నుంచే పంపించేశారు, అది చాలామందికి తెలుసు. అదే రోజు తన జీతంలో 20 శాతం కోసుకున్నారు, పెద్ద అధికారులకీ కోశారు, అది తక్కువ మందికి తెలుసు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 5న, దేశం సోషలిజం బాట పడుతుందని చెప్పిన అరూషా ప్రకటన. బ్యాంకులు జాతీయం చేశారు, దాంతోపాటు పార్టీ నాయకులకీ పెద్ద ఉద్యోగులకీ ఒక నియమావళి: అద్దెకిచ్చే ఇల్లు ఉండకూడదు, కంపెనీల్లో వాటా ఉండకూడదు, రెండు జీతాలు తీసుకోకూడదు. ఈ నియమం మన దగ్గర ఒక్క జిల్లాలో పెట్టి చూడమనండి.

నాగలి:
పాతపేజీలు గారూ, విద్యార్థుల్ని పంపించేసిన మాట ఒక్క ముక్కలో దాటేశారు. అక్కడే ఉంది అసలు సంగతి.

నేను రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి, నాకు ఆయన ఉజమా గురించి చదవడం అంటే పట్టుదల. ఉజమా అంటే కుటుంబంలా కలిసి బతకడం. ఊళ్లో అందరూ కలిసి దున్నుకుని, కలిసి అమ్ముకుని, కలిసి బడి కట్టుకోవడం. ఇది ఆయన కాగితం మీద రాయకముందే దక్షిణాన రూవుమా ప్రాంతంలో కొందరు కుర్రాళ్లు నిజంగా చేసి చూపించారు. లిటోవా అనే ఊరితో మొదలై, ఒకదాన్ని చూసి ఒకటి పదిహేనుకు పైగా ఊళ్లు ఒక సంఘంగా చేరాయి. ఎవరూ బలవంతపెట్టలేదు. తమ బడి తామే నడుపుకున్నారు, ఏం పండించాలో తామే కూర్చుని తేల్చుకున్నారు. నైరేరేకి వాళ్లంటే ప్రాణం, ఆయన ఆలోచనకి సాక్ష్యం వాళ్లే. మరి 1969లో ఏమైంది? పార్టీ పెద్దలు కూర్చుని ఆ సంఘాన్ని రద్దు చేసేశారు. తమ చేతి కింద లేని సంఘం ఉండటం వాళ్లకి నచ్చలేదు. ఆస్తులు లాక్కున్నారు, ఆ సభలో ఆయన ఉన్నారు, ఒప్పుకున్నారు.

తర్వాత నాలుగేళ్లకి, 1973లో, 1976 కల్లా పల్లెజనం మొత్తం ప్రభుత్వం చూపించిన ఊళ్లలోనే ఉండాలని ఆదేశం. లక్షలమందిని ట్రాక్టర్లలో, లారీల్లో తెచ్చి రోడ్డు పక్కన దింపారు. కదలనివాళ్ల ఇళ్లు కూల్చారు, కొన్నిచోట్ల తగలబెట్టారు. పొలం ఒకచోట, మనిషి ఇంకోచోట. దానికి కరువు కూడా తోడై 1974, 75 నాటికి తిండిగింజలు బయటినుంచి కొనుక్కోవాల్సి వచ్చింది. ఇష్టంగా చేసినవాళ్లని మూసేసి, ఇష్టం లేనివాళ్లని తోలుకొచ్చారు. ఆయన మంచితనం మీద నాకు పేచీ లేదు. పార్టీ ఎదుట నిలబడాల్సిన రోజున నిలబడలేదు, నాయకుడి లక్షణం అంటే నాకు అదీ.

దారెస్సలాం పక్షి:
నేను ఏడేళ్లు టాంజానియాలోని దారెస్సలాంలో ఉద్యోగం చేసి వచ్చాను. ఉపాంగా అనే పేటలో అద్దెకుండేవాళ్లం, పాత మూడంతస్తుల మేడలు, ఎక్కువగా గుజరాతీలు. మా పైఅంతస్తులో ఒక పెద్దాయన ఉండేవారు. మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ మీద చెయ్యి పెట్టి ఆగి ఆగి ఎక్కేవారు, మోకాళ్ల నొప్పి అనుకునేదాన్ని. ఒకరోజు ఆయనే చెప్పారు, ఆ రెయిలింగ్ వాళ్ల నాన్న దగ్గరుండి చేయించారట. మేడ మొత్తం వాళ్లదే. 1971లో చట్టం వచ్చింది, విలువ లక్ష షిల్లింగులు దాటిన అద్దె భవనాలన్నీ ప్రభుత్వం తీసేసుకుంది, దాదాపు అన్నీ మన భారతీయులవే. అప్పటినుంచి తాము కట్టుకున్న ఇంట్లో తామే అద్దె కడుతూ ఉన్నారు. చాలామంది కెనడా, ఇంగ్లండ్ వెళ్లిపోయారు, వీళ్లు వెళ్లలేదు.

ఆయనకి కోపం లేదా అంటే ఉంది. కానీ ఆయన నాతో అన్న ఇంకో మాట కూడా ఇక్కడ పెట్టాలి: ఉగాండాలో అమీన్ మావాళ్లని తరిమేశాడు, మ్వాలిము మా మేడ తీసుకున్నాడు కానీ మమ్మల్ని పొమ్మనలేదు. మ్వాలిము అంటే వాళ్ల భాషలో మాస్టారు. నైరేరే రాజకీయాల్లోకి రాకముందు పుగూలో బడి పంతులు, అందుకని దేశమంతా ఆయన్ని పేరు పెట్టి పిలవరు, మాస్టారు అనే అంటారు.

పాతపేజీలు:
మేడమ్, ఆ పెద్దాయన మాట చాలా విలువైనది. 1961లోనే పౌరసత్వం చట్టం మీద గొడవ అయింది. నల్లవాళ్లకి మాత్రమే పౌరసత్వం ఇవ్వాలని సొంత పార్టీవాళ్లే అరిస్తే, రంగు చూసి పౌరసత్వం ఇచ్చే పని అయితే ప్రభుత్వం రాజీనామా చేస్తుందని అసెంబ్లీలో తేల్చి చెప్పారు. నాగలి గారు పార్టీ ఎదుట నిలబడలేదు అన్నారు, ఇక్కడ నిలబడ్డారుగా. మన గాంధీ పేరు మీద ప్రభుత్వం పెట్టిన శాంతి బహుమతి 1995లో మొట్టమొదట ఎవరికిచ్చారు? ఈయనకే. ఊరికే ఇచ్చారా?

నాగలి:
నిలబడ్డారు, ఒప్పుకుంటా. కానీ 1961లో ఎదురుగా ప్రతిపక్షాలు, యూనియన్లు, పత్రికలు ఉన్నాయి. 1962లో విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం తెచ్చుకున్నారు. 1965లో ఒకే పార్టీ అని రాజ్యాంగంలో రాసుకున్నారు. ఆ తర్వాత ఆయనకి అడ్డుచెప్పగలిగిన మనిషి ఎవరు మిగిలారు? స్వాతంత్ర్య పోరాటంలో ఆయన పక్కన నిలిచి ఆడవాళ్లందర్నీ కదిలించిన బీబీ టిటీ మొహమ్మద్‌ని రాజద్రోహం కేసులో జైల్లో పెట్టారు, 1972లో గానీ క్షమాభిక్ష రాలేదు.

కృష్ణాతీరం:
నేనూ ఇదే చెప్దామనుకున్నా. మంచివాడి చేతిలో హద్దుల్లేని అధికారం చెడ్డవాడి చేతిలో ఉన్నదానికన్నా ఎక్కువ కాలం నడుస్తుంది, ఎందుకంటే అతన్ని ఎవరూ అనుమానించరు.

గోదారి గట్టు:
అందరూ పొలాలూ మేడలూ అంటున్నారు, 1964 జనవరి ఎవరూ తీయట్లేదు. సైన్యం తిరగబడితే ఆయన కొన్నాళ్లు దాక్కోవాల్సి వచ్చింది, చివరికి ఎవర్నయితే పంపించేశారో ఆ బ్రిటిష్‌వాళ్లనే సాయం అడిగి తెప్పించారు. ఎంత తలవంపు! ఇంకొకడైతే ఆ అవమానానికి పగ తీర్చుకునేవాడు. ఈయన పాత సైన్యాన్ని రద్దు చేసి కొత్తగా కట్టారు. ఇవాళ్టిదాకా అక్కడ సైనిక పాలన రాలేదు. 1978 అక్టోబరులో అమీన్ సరిహద్దులోని కగేరా ప్రాంతాన్ని ఆక్రమిస్తే ఆ సైన్యమే 1979 ఏప్రిల్‌లో ఉగాండా రాజధాని కంపాలా దాకా వెళ్లింది. ఆ యుద్ధం ఖర్చు, దానిమీద చమురు ధర పెరగడం, ఇవి లెక్కలోకి తీసుకోకుండా చక్కెర క్యూలన్నీ ఉజమా ఖాతాలో వేయడం న్యాయం కాదు.

ముంపు ఊరు:
నేను ఎప్పుడూ చదివి ఊరుకునేవాణ్ణి, ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నా. మాది ప్రాజెక్టు కింద మునిగిన ఊరు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా నాయన ఇంటి దూలాలు విప్పి బండికెత్తుతుంటే మా అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు, ఇంకో పూట వండుకుని వస్తా అని కూర్చుంది. మీ దేశం కోసమే, మీ బాగు కోసమే అని మాకూ చెప్పారు. చెప్పినాయన చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. కానీ మమ్మల్ని అడగలేదు. నైరేరే జీతం కోసుకున్నారు, మేడ కట్టుకోలేదు అని మీరు రాస్తుంటే నాకు ఒకటే అనిపిస్తోంది, ఆయన తన బతుకు మీద పెట్టుకున్న కష్టం ఆయన ఇష్టం, ఆ పల్లెల మీద పెట్టిన కష్టం వాళ్ల ఇష్టమా? తాను త్యాగం చేసే మనిషికి ఎదుటివాడు కూడా చేస్తాడులే అని ధీమా వచ్చేస్తుంది. నాకు భయం వేసేది ఆ ధీమా చూస్తేనే.

పాతపేజీలు:
అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. దీనికి నా దగ్గర సమాధానం లేదు. బలవంతపు తరలింపుని నేను సమర్థించలేను, ఇందాకటి నా పోస్టులో ఆ విషయం అసలు రాయకపోవడం తప్పే. ఒక్కటి మాత్రం చెప్తాను. ఆయన దిగిపోయాక తాను పెట్టిన ఒక్క పార్టీ పద్ధతి ఇక చాలు, మార్చుకోవాలని 1990లో తానే బయటికొచ్చి చెప్పారు, 1992లో మార్చారు. 1976లో రైతు సహకార సంఘాల్ని రద్దు చేసి తప్పు చేశాం అని కూడా ఒప్పుకున్నారు. కుర్చీలో ఉన్నంతకాలం తప్పులేదనేవాళ్లు, దిగాక ఎదుటివాళ్ల మీద నెట్టేవాళ్లే ఎక్కువ. ఈయన అలా చేయలేదు.

నాగలి:
దిగాక ఒప్పుకోవడం గొప్పే. నా బాధల్లా అప్పటికి లిటోవా బడి లేదు.

గోదారి గట్టు:
దారెస్సలాం పక్షి గారూ, మీరు అక్కడ ఉన్నారు కదా, పల్లెలవాళ్లు ఏమంటారు? మేడలున్నవాళ్ల మాట చెప్పారు, తోలుకొచ్చినవాళ్ల మాట చెప్పండి.

దారెస్సలాం పక్షి:
మా ఇంట్లో వంటకి సాయానికి వచ్చే ఆవిడది ఇరింగా వైపు పల్లె. నేను కాలవ గట్టు పిల్లని, నాకు ఉగాలి చేయడం ఆవిడే నేర్పింది, మన రాయలసీమ సంగటిలాగే ఉంటుంది, రాగిపిండి బదులు మొక్కజొన్న పిండి. ఆవిడ చిన్నప్పుడే వాళ్లని కదిలించారు. పైకప్పు గడ్డి పీకేశారట, ఇంట్లో పిల్లలు ఉండగానే. అమ్మ గడ్డపార, గిన్నెలు నెత్తిన పెట్టుకుంది, ఈవిడ కోడిని చంకలో పెట్టుకుంది. కొత్త ఊరికి చేరేసరికి అక్కడ గుంజలు పాతి గీతలు గీసి ఉన్నాయి తప్ప ఇల్లు లేదు, నీళ్లు లేవు. ఆ ఏడాది వాళ్ల అరటి తోట ఎవరూ చూడక పోయింది.

అలాంటావిడ ఇంట్లో గోడ మీద నైరేరే ఫొటో ఉంది. నేను వెళ్లి చూశాను, మాసిపోతే అద్దం తుడిచి మళ్లీ తగిలించుకుంది. నాకు అర్థం కాలేదు.

ముంపు ఊరు:
ఎందుకు పెట్టుకుందో అడిగారా చెల్లెమ్మా?

దారెస్సలాం పక్షి:
అడిగాను అన్నయ్యా. రెండు కారణాలు చెప్పింది. వాళ్లమ్మ ఆ కొత్త ఊళ్లోనే, అప్పటికే నలుగురు పిల్లల తల్లి, పెద్దవాళ్ల బడికి వెళ్లి పేరు రాయడం నేర్చుకుందట. ఆసుపత్రి కార్డు తనే చదువుకునేదట. అది ఒకటి. రెండోది, పైకప్పు పీకింది జిల్లా నుంచి వచ్చినవాళ్లు, మ్వాలిముకి తెలియదు, తెలిస్తే ఊరుకునేవాడు కాదు అంది.

నాగలి:
తెలియదు అంటే ఎలా మేడమ్. చెప్పేవాళ్లందర్నీ తప్పించేశాక ఎవరొచ్చి చెప్తారు? ఆయనకి తెలియకుండా చేసింది ఆయనే.

దారెస్సలాం పక్షి:
నాకూ ఆ మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆవిడ అప్పుడు మ్చిచా ఏరుతోంది, మన తోటకూరే, ముదురు కాడలు ఒక పక్కకి, లేత ఆకులు ఒక పక్కకి వేస్తూ, తల ఎత్తకుండా ఇంకోసారి అంది, తెలియదు, ఆయనకి తెలియదు అని. నేను నీళ్లు పట్టుకొస్తానని లేచి వెళ్లాను.