మట్టి బ్లాకులతో ఇల్లు కట్టాలని ఉంది, కట్టినవాళ్ళు చెప్పండి

అందరికీ నమస్కారం. చిన్న ఇల్లు, ఒక్క ఫ్లోరే ప్లాన్ చేస్తున్నాం. పునాది తవ్విన మట్టితోనే బ్లాకులు కొట్టించుకోవచ్చని విన్నప్పటినుంచి నా ధ్యాసంతా దానిమీదే. సిమెంట్ వీలైనంత తగ్గాలి, ఎండాకాలం ఏసీ లేకుండా గడవాలి, ఇంతే మా కోరిక. కానీ ఎవర్ని అడిగినా వానకి కరిగిపోద్ది, చెదలు పడతాయి అంటున్నారు, మేస్త్రీ అయితే అసలు ఒప్పుకోవట్లేదు. ఏం చేయమంటారు?

రిప్లై 1
మట్టి సంగతి తర్వాత అండి, ముందు ప్లాన్ మీద ఎండ ఎటు పడుతుందో గీసుకోండి. సాయంత్రం సూర్యుడు బాగా కిందకి దిగి పడమటి కిటికీలోంచి సూటిగా గదిలోకి కొడతాడు, దానికి పైన సన్‌షేడ్ పెట్టినా పెద్దగా ఆగదు. అందుకే అటువైపు బాత్రూమ్, మెట్లు, స్టోర్ రూమ్ వేసేయండి. ఒక్క ఫ్లోరు అంటున్నారు కాబట్టి వేడి ఎక్కువగా దిగేది స్లాబ్ నుంచే, దానిమీద తెల్ల కోటింగ్ వేయించండి. మందం గోడలు కూడా అన్ని చోట్లా ఒకేలా పనిచేయవు, రాత్రి బాగా చల్లబడే పొడి ప్రాంతమైతేనే లాభం, ఉక్కపోత ఉండేచోట నీడ, ఎదురెదురు కిటికీలే దిక్కు.

రిప్లై 2
నేను బ్లాకులు కొట్టే పనిలోనే ఉన్నా బ్రదర్. అన్నిటికంటే ముందు మట్టి చూడాలి. గాజు సీసాలో మూడోవంతు మట్టి పోసి, నీళ్ళు నింపి, చిటికెడు ఉప్పేసి బాగా ఊపి కదపకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకి దిగిపోతుంది, దానిమీద ఒండ్రు, పైన బంక, అది తేరుకోడానికి ఒక రోజన్నా పడుతుంది. ఇసుక సగానికి పైన ఉంటే బ్లాకు గట్టిపడడానికి మట్టిలో సిమెంట్ 5 నుంచి 10 శాతం కలిపితే సరిపోతుంది, బంక ఎక్కువైతే ఇసుక కలపాలి లేదా సున్నం వాడాలి. వేర్లు, ఆకులు ఉండే పై మట్టి మాత్రం బ్లాకులకి పనికిరాదు, మొక్కలకి ఉంచుకోండి. బట్టీలో కాల్చే పని లేదు కాబట్టి కట్టెలు, బొగ్గు మిగిలినట్టే, కానీ 3-4 వారాలు తడిగోనె కప్పి క్యూరింగ్ చేయాల్సిందే, చాలామంది పాడుచేసుకునేది ఇక్కడే. క్యూరింగ్ అయ్యాక ఒక బ్లాకుని రాత్రంతా నీళ్ళలో ముంచి పొద్దున గోటితో గీకండి, మట్టి ఊడొస్తే ఆ లాట్ గోడకి వద్దు.

రిప్లై 3
మాది పాత మట్టి గోడల ఇల్లు, సిమెంట్ కలపని మట్టే. గట్టిగా ఉంటుందని బయట సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించాం, అదే మేం చేసిన పెద్ద తప్పు. కింద నుంచి ఎక్కిన చెమ్మ బయటికి పోయే దారిలేక లోపలే ఉండిపోయింది, రెండు వానాకాలాలకే మోకాలెత్తు వరకు ప్లాస్టర్ పెచ్చులు పెచ్చులుగా ఊడింది, చెయ్యి పెడితే వెనక మట్టి మెత్తగా తగిలింది. మొత్తం గీకించి సున్నం ప్లాస్టర్ వేయించాక గోడ ఆరింది. మీరు బేస్‌మెంట్ ఎత్తుగా రాయితో కట్టించి, కప్పు చూరు బాగా బయటికి లాగండి, వాన గోడకి తగలకపోతే కరిగే మాటే రాదు. చెదలు తినేది మట్టిని కాదు, చెక్కని. మట్టిలోంచి దారి చేసుకుని తలుపు ఫ్రేములకి ఎక్కుతాయి, అందుకని పునాది దగ్గరే అడ్డుకోవాలి.

అడిగినవాడిని
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. రాత్రే సీసా ఊపి పెట్టా, ఇసుక పొర సగం దాటింది, పైన నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, రేపు స్కేలు పెట్టి కొలిచి ఇక్కడే రాస్తా. పడమటి బెడ్‌రూమ్‌ని మాత్రం ఇవాళే తూర్పుకి మార్పించేశాం.