మారథాన్ పరుగెత్తి పిల్లల ఆస్పత్రికి డబ్బు పోగుచేయాలి, ఎలా మొదలుపెట్టాలి?

వేళచ్చేరి రన్నర్:
మాది సూళ్ళూరుపేట, ఉద్యోగం చెన్నైలో. మా అక్క కొడుక్కి న్యుమోనియా ముదిరినప్పుడు ఎగ్మోర్ హాల్స్ రోడ్డులో ఉన్న ప్రభుత్వ పిల్లల ఆస్పత్రిలోనే నయమైంది. ఇప్పుడు వాడు బడికెళ్తున్నాడు. ఆ వార్డులో నాయుడుపేట, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు చాలామంది కనిపించారు. బిడ్డ దగ్గర తల్లి ఉంటే, తండ్రులు మందుల చీటీ పట్టుకుని, అరవం రాక, ఎవరైనా తెలుగు మాట్లాడేవాళ్ళు దొరుకుతారేమోనని చూసేవాళ్ళు. ఆ ఆస్పత్రికి ఏదైనా చేయాలని అప్పటినుంచీ మనసులో ఉంది.

జనవరిలో చెన్నై మారథాన్‌లో ఫుల్, అంటే 42.195 కిలోమీటర్లు, పరుగెత్తాలనుకుంటున్నాను. హాఫ్ అలవాటే. ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో అడిగితే ఇస్తారు. నా ఫోన్‌పే నంబరుకే వేయించుకుని, మొత్తం కలిపి ఆస్పత్రికి ఇచ్చేయొచ్చా? ఈ ఉక్కలో దూరం పెంచుకోవడం ఇంకో టెన్షన్.

పెరంబూర్ ఆడిటర్:
తమ్ముడూ, మీ నంబరుకి మాత్రం వద్దు. జీతం, అద్దె, విరాళం ఒకే ఖాతాలో కలిస్తే రేపు ఎవరైనా లెక్క అడిగినప్పుడు చూపించడం కష్టం. పైగా మీరు రసీదు ఇవ్వలేరు. విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు (80జి అంటారు) కావాలంటే ఆ గుర్తింపు ఉన్న ట్రస్టుకే నేరుగా కట్టాలి. నగదైతే 2,000 రూపాయలు దాటితే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు అసలే రాదు. ముందే చెప్పేయండి.

ప్రభుత్వ ఆస్పత్రి కాబట్టి వార్డులో ఎవరి చేతికో డబ్బు ఇవ్వడం కుదరదు. ముందు ఆఫీసుకెళ్ళి ఆర్‌ఎంఓని (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్‌ని) కలవండి, ఏం కావాలో కాగితం మీద రాయించుకోండి. మనకు తోచింది కొనొద్దు. నెబ్యులైజరే (మందును ఆవిరిలా పీల్పించే మిషన్) కావాలన్నా ఏ మోడల్, దాని మాస్కులు తర్వాత ఎక్కడ దొరుకుతాయి, రిపేరు ఎవరు చేస్తారు, ఇవన్నీ అడగాలి. బిల్లు ఆస్పత్రి పేరు మీదే ఉండాలి. వస్తువు ముట్టినట్టు సంతకం తీసుకుని, ఇచ్చినవాళ్ళందరికీ పంపండి. రేసు ఎంట్రీ ఫీజు, షూలు మీ జేబులోంచే అని కూడా చెప్పండి. ఆ ఒక్క మాటతో జనానికి నమ్మకం కుదురుతుంది.

బీచ్ రన్నర్:
మన ఊళ్ళో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. వేరే ఊళ్ళో పరుగెత్తే స్పీడు ఇక్కడ పెట్టుకోవద్దు బ్రదర్. ఆదివారం లాంగ్ రన్ తెల్లవారుజామున నాలుగున్నరకల్లా మొదలుపెట్టండి. వారవారం కొంచెం పెంచుతూ, మధ్యలో ఒక వారం తగ్గిస్తూ 30, 32 కిలోమీటర్ల దాకా వెళ్తే చాలు. చివరి రెండు మూడు వారాలు బాగా తగ్గించేయాలి. ఉత్త నీళ్ళే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది చాలా ప్రమాదం. ఓఆర్‌ఎస్ దగ్గర పెట్టుకోండి.

ఇంకో మాట. డబ్బిచ్చారు కదా అని జ్వరంతోనో మోకాలి నొప్పితోనో పరుగెత్తొద్దు. నేను రేసు పూర్తి చేసినా చేయకపోయినా ఈ డబ్బు పిల్లలకే అని ముందే రాసి పెట్టండి.

మైలాపూర్ వాసి:
మంచి పనే. కానీ పరుగెందుకండీ? ఊరికే అడిగినా ఇస్తారుగా?

వేళచ్చేరి రన్నర్:
ఊరికే అడిగితే ఆ రోజు ఒకసారి ఇచ్చి మర్చిపోతారండీ. నాలుగు నెలలు తెల్లవారుజామున లేచి తయారవుతుంటే, లిఫ్టులో కలిసిన ప్రతివాళ్ళూ అడుగుతారు. అడిగిన ప్రతిసారీ ఆ వార్డు సంగతి చెప్పొచ్చు.

ఆడిటర్ గారూ, సోమవారం పర్మిషన్ పెట్టి ఆస్పత్రి ఆఫీసుకి వెళ్తున్నాను. వాళ్ళు ఏం కావాలన్నారో ఇక్కడే రాస్తాను. అప్పటిదాకా ఎవరినీ రూపాయి అడగను.