86 వ్యాసాలకు 84 పేజీలే వస్తున్నాయి: సొంత స్టాటిక్ సైట్ జనరేటర్ గురించి సలహా కావాలి

ప్రశ్న: బ్రాడీపేట చదువరి, గుంటూరు

అందరికీ నమస్కారం. తెలుగు అధ్యాపకులైన మా నాన్నగారు గుంటూరు పరిసరాల గురించి రాసిన 86 వ్యాసాలను నేను యూనికోడ్‌లో టైపు చేసి దాచాను. ఇంతకుముందు వాటిని డేటాబేస్‌తో నడిచే ఒక సైట్‌లో పెట్టాం. ఒకసారి సర్వర్ మార్చిన తరువాత చూస్తే తెలుగంతా వరుసగా ప్రశ్నార్థకాలైపోయింది. బ్యాకప్‌లోనూ అవే ప్రశ్నార్థకాలు ఉన్నాయి. ఆ రోజు ఆయన ముఖం చూడలేకపోయాను. అందుకే ఈసారి మూలం మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే ఉండాలనీ, వాటి నుంచి పేజీలను ముందే తయారుచేసిపెట్టే చిన్న ప్రోగ్రామును (స్టాటిక్ సైట్ జనరేటర్‌ను) పైథాన్‌లో నేనే రాసుకోవాలనీ నిశ్చయించుకున్నాను.

అది ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లను ఒక్కొక్కటిగా చదివి, మార్క్‌డౌన్‌ను (సాదా గుర్తులతో రాసే టెక్స్ట్ రూపాన్ని) వెబ్ పేజీల భాషైన హెచ్‌టీఎంఎల్‌గా మార్చి, శీర్షికను, తేదీని, విషయాన్ని ఒకే టెంప్లేట్‌లో నింపి మరో ఫోల్డర్‌లో రాస్తుంది. చివర సూచిక పేజీని తయారుచేస్తుంది. ఏ దోషమూ చూపకుండానే పని ముగుస్తోంది గాని, సూచికలో 86 శీర్షికలు ఉన్నా ఫోల్డర్‌లో 84 పేజీలే ఉంటున్నాయి. ‘కల’ అనే వ్యాసాన్ని నొక్కితే ‘కూలి’ తెరుచుకుంటోంది. శీర్షిక నుంచే ఫైలు పేరు వచ్చేలా, అక్షరాలూ అంకెలూ కానివాటిని తీసివేయమని రాశాను; ‘కొండవీడు’ పేజీ పేరు ‘కడవడ’ అని వచ్చింది. పైగా పద్యాల నాలుగు పాదాలూ ఒకే వరుసలో కలిసిపోతున్నాయి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లే నాటికి నాన్నగారి మిత్రులకు ఈ సైట్ చూపించాలని ఉంది. దీన్నే సరిచేసుకోవాలా, లేక హ్యూగో వంటి సిద్ధంగా ఉన్న పరికరానికి మారాలా?

జవాబు 1: కాలువగట్టు, విజయవాడ

చదువరి గారూ, మీ ప్రశ్నలోనే కారణం దొరుకుతోంది. ‘కొండవీడు’ మనకు నాలుగు అక్షరాలుగా కనిపించినా, యూనికోడ్‌లో అది ఎనిమిది సంకేతాలు: క, ఒత్వం, సున్న, డ, వ, గుడి దీర్ఘం, డ, కొమ్ము. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (అక్షరాల నమూనాలను వెతికే సూత్రాల్లో) బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అనే గుర్తు హల్లులనూ అచ్చులనూ అక్షరాలుగా ఒప్పుకుంటుంది గాని, గుణింతపు గుర్తులను, సున్నను, పొల్లును అక్షరాలుగా లెక్కించదు. అందువల్ల ‘కూలి’లోని గుర్తులు పోయి ‘కల’ మిగిలింది. రెండో పేజీ మొదటిదాని మీద పడి దాన్ని చెరిపేసింది. మీ శీర్షికల్లో ఇలాంటి జంట మరొకటి తప్పక ఉంటుంది.

గుర్తులను మిగల్చమని నియమాన్ని సవరించవచ్చు గాని, నా అభిప్రాయంలో శీర్షిక నుంచి పేరు పుట్టించడమే మానేయడం మంచిది. యూనికోడ్‌ను ఫైళ్లలో దాచే పద్ధతైన యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి, లింకులో ఒక్కొక్క బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. ‘కొండవీడు’ ఒక్కటే 72 అక్షరాల తోకగా మారుతుంది. దాన్ని వాట్సాప్‌లో అందుకున్న పెద్దవారు నొక్కడానికే జంకుతారు. ప్రతి టెక్స్ట్ ఫైలు మొదట్లో శీర్షిక, తేదీలతో పాటు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక చిన్న పేరును మీ చేతితోనే రాయండి, ఒకసారి ప్రచురించాక దాన్ని మార్చకండి. ఒకే పేరు రెండుసార్లు వస్తే ప్రోగ్రాము అక్కడే ఆగి, ఆ రెండు ఫైళ్లనూ చూపాలి.

ఇంకొక మాట. ఫైలును తెరిచే చోటా రాసే చోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పండి. అది చెప్పకపోతే విండోస్ కంప్యూటర్‌లో పైథాన్ ఆ యంత్రపు పాత కోడ్ పేజీని (అక్షరాల పట్టికను) వాడుకోవచ్చు; అప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో నడిచిన ప్రోగ్రామే మరొకరి దగ్గర చార్‌మ్యాప్ దోషంతో ఆగిపోతుంది.

జవాబు 2: పాత అచ్చుయంత్రం, గుంటూరు

పద్యాల సంగతి నేను చెబుతాను. ఖాళీ వరుస వచ్చేదాకా ఉన్నదంతా ఒకే పేరా అన్నది మార్క్‌డౌన్ నియమం కనుక పాదాలు కలిసిపోతాయి. ప్రతి పాదం చివర రెండు ఖాళీలు పెడితే వరుస విరుగుతుంది గాని, కంటికి కనిపించని ఖాళీలను నమ్ముకోవడం నాకు ఇష్టం ఉండదు; పైథాన్ మార్క్‌డౌన్ లైబ్రరీలో వరుసలను ఉన్నవి ఉన్నట్టే నిలిపే అదనపు సౌకర్యం ఉంది, దాన్ని చేర్చుకోండి. పాదాన్ని లోపలికి జరపాలని మొదట నాలుగు ఖాళీలు మాత్రం పెట్టకండి, అది ప్రోగ్రామ్ కోడ్ అనుకుని పద్యాన్ని పెట్టెలో బిగిస్తుంది.

సిద్ధంగా దొరికే జనరేటర్లలో హ్యూగో 2013 నుంచి, జెకిల్ 2008 నుంచి ఉన్నాయి; రెండూ గట్టివే. వేల పేజీలుంటే నేనూ హ్యూగోకే ఓటు వేస్తాను. 86 వ్యాసాలకు మాత్రం మీరే రాసి, మీరే చదువుకోగల వంద వరుసలు చాలు. సైట్లను ఉంచే సేవైన గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టేటట్టయితే ‘నోజెకిల్’ అనే ఖాళీ ఫైలును, పేరుకు ముందు చుక్కతో, జతచేయండి. లేకపోతే అక్కడి జెకిల్ అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫోల్డర్లను వదిలేస్తుంది.

బ్రాడీపేట చదువరి

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రెండో జంట ‘మా పేట’, ‘మా పాట’. నిన్న రాత్రి నాన్నగారూ నేనూ కూర్చుని 86 పేర్లనూ ఇంగ్లీషు అక్షరాల్లో రాశాం, పేజీలన్నీ వచ్చాయి. పద్యాలు పాదానికొక వరుసగా నిలిచాయి, అయితే చిన్న ఫోన్‌లో శార్దూల పాదం సగంలో విరిగి కిందికి దిగుతోంది. దాని కోసం పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో ఏం చేయాలో ఈ వారం చూస్తాను.