పుర్రెకి చిల్లు పెట్టకుండా మెదడు లోతుకి కరెంటు: నాన్న కోసం ఆగాలా, ఆపరేషన్ చేయించేయాలా?

వంశధార_గుణుపురం:
అందరికీ నమస్కారం. మా నాన్నకి 66 ఏళ్ళు. పార్కిన్సన్స్ (చేతులు వణికి, ఒళ్ళు బిగుసుకుపోయే నరాల జబ్బు) వచ్చి తొమ్మిదేళ్ళయింది. సిండోపా రోజుకి అయిదుసార్లు వేస్తున్నాం, అయినా తర్వాతి మాత్ర టైం కాకముందే బిగుసుకుపోతాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. అమ్మ చేతికర్ర నేలమీద అడ్డంగా పెడితే దాన్ని దాటుకుని వస్తాడు. విశాఖలో డాక్టరుగారు డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, అంటే మెదడు లోతుకి కరెంటు ఇచ్చే ఆపరేషన్) చేయించమన్నారు. పుర్రెకి రంధ్రం చేసి, మెదడు లోతుకి సన్నని వైర్లు దించి, ఛాతీలో బ్యాటరీ పెడతారు. ఈమధ్య ఇంకోటి చదివాను. తల బయటినుంచే రెండు తరంగాలు పంపితే, అవి కలిసేచోట మాత్రమే మెదడు స్పందిస్తుందట. 2017లో ఎలుకల మీద, 2023లో మనుషుల మీద చేశారు. రెండేళ్ళు ఆగితే చిల్లు లేకుండా అయిపోతుంది కదా? ఆగాలనే నా ఉద్దేశం.

మహేంద్రగిరి_మాస్టారు:
ముందు ఆ ‘తరంగాలు’ అనే మాట సరిచేసుకో నాయనా. అది అయస్కాంతమూ కాదు, రేడియో తరంగమూ కాదు. తలకి అతికించిన రెండు జతల ఎలక్ట్రోడ్ల ద్వారా పంపే కరెంటు. ఒక జతలో 2000 హెర్ట్జ్, ఇంకో జతలో 2010 అనుకో. అంత వేగంగా ఊగే కరెంటుని నాడీకణం అందుకోలేదు. రెండూ కలిసినచోట మాత్రం దాని బలం సెకనుకి 10 సార్లు పెరిగి తగ్గుతుంది. కణం ఆ హెచ్చుతగ్గులకి స్పందిస్తుంది. ఇంటర్‌లో రెండు శృతిదండాలు కలిపి మోగించి విస్పందనాలు, అంటే శబ్దం పెరుగుతూ తగ్గుతూ రావడం, విన్నాం కదా, అలాంటిదే. ఎంఐటీలో నీర్ గ్రాస్‌మన్ బృందం 2017లో ‘సెల్’ పత్రికలో వేసింది ఇదే.

జయపురం_కుర్రాడు:
మా ఊళ్ళో ఒకాయన అయస్కాంత టోపీ పెట్టి పది సిట్టింగులకి ముప్ఫై వేలు తీసుకున్నాడు. అది ఇదేనా మాస్టారూ?

మహేంద్రగిరి_మాస్టారు:
కాదు! మాట సరిచేయమన్నది అందుకే.

నాగావళి_ఒడ్డు:
సూత్రం బాగానే ఉంది మాస్టారూ. కానీ ఎలుక మెదడు వేలి గోరంత. మన తలలో చర్మం, పుర్రె దాటేసరికే కరెంటు చాలావరకు చెదిరిపోతుంది. లోతుకి చేరేది మీటరుకి ఒక వోల్టు కూడా ఉండదు. 2023లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు చేసింది ఆరోగ్యంగా ఉన్న మనుషుల మీద, జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్ కోసం. అది పార్కిన్సన్స్ చికిత్స కాదు.

డీబీఎస్ అలా కాదు. 1987లో గ్రెనోబుల్‌లో బెనబిడ్ మొదలుపెట్టారు. అమెరికాలో వణుకుకి 1997లో, పార్కిన్సన్స్‌కి 2002లో అనుమతి వచ్చింది.

నా సంగతి చెప్తాను. 2016లో మా అమ్మకి చేయించమంటే, మందులతో లాగుదాం అని నేనే ఆపాను. నాలుగేళ్ళకి మతిమరుపు మొదలైంది. అప్పుడు తీసుకెళ్తే ఇక చేయలేం అన్నారు. మాత్ర పనిచేస్తూ, మతి బాగున్నప్పుడే ఈ ఆపరేషన్ పనికొస్తుంది తమ్ముడూ.

వంశధార_గుణుపురం:
తలలో రక్తస్రావం అయితేనో?

నాగావళి_ఒడ్డు:
నూటికి ఒకరిద్దరికి అవుతుంది. దాచను. డాక్టరు కూడా దాచకూడదు.

వంశధార_గుణుపురం:
ఆ ఒక్కడు మా నాన్న అయితే మీరు వచ్చి చూస్తారా? చిల్లు లేని దారి ఉందని తెలిసి కూడా చిల్లు పెట్టించానన్న పాపం నాకెందుకు?

నాగావళి_ఒడ్డు:
ఆ దారి ఇంకా పడలేదయ్యా! పడని రోడ్డు మీద బస్సు కోసం ఎదురు చూస్తున్నావు. అసలు నీ భయం చిల్లు గురించేనా? నేను ఆగుదామన్నప్పుడు నా మనసులో ఉన్నది వేరే, అందుకే అడుగుతున్నా.

మహేంద్రగిరి_మాస్టారు:
వోల్టు అన్నావు సరే, మీటరుకి వోల్టు అంటే అది క్షేత్ర తీవ్రత. అది వేరు, కరెంటు వేరు...

వంశధార_గుణుపురం:
మాస్టారూ, ఇప్పుడు వద్దు. అడిగారు కాబట్టి చెప్తున్నా అన్నా. అన్నయ్య బెంగళూరులో ఉంటాడు. ‘డబ్బు పంపుతా, చేయించెయ్’ అంటాడు. ఆంధ్ర ఆరోగ్యశ్రీ మనకి రాదు, మన రేషన్ కార్డు ఒడిశాది. సరే, డబ్బు వాడిస్తాడు. ఆపరేషన్ తర్వాత ఆ మిషన్ సెట్టింగులు మార్చడానికి మళ్ళీ మళ్ళీ విశాఖ వెళ్ళాలి కదా. ఎవరు తీసుకెళ్తారు? నేనే. వెళ్ళిన ప్రతిసారీ కొట్టు షట్టర్ దించాలి. పోయినసారి రైల్లో నాన్న బాత్రూం గుమ్మం దగ్గర బిగుసుకుపోతే వెనక జనం అరుస్తున్నారు, నేను కింద చెప్పు పెట్టి దాటించాను. అదంతా అన్నయ్యకి ఫోన్లో కనబడదు.

నాగావళి_ఒడ్డు:
ఇది మొదటే చెప్పాల్సింది. మా ఇంట్లో డబ్బు పంపి ఊరుకున్నవాణ్ణి నేనే. మీ అన్నయ్య మీద నేను మాట్లాడలేను.

కొరాపుట్_కోడలు:
మా మామగారికి డీబీఎస్ అయింది. మొదటి ఆర్నెల్లు తిరగడం ఎక్కువ, తర్వాత తగ్గింది. అన్నయ్యని ఆ ఆర్నెల్లలో రెండుసార్లు సెలవు పెట్టమని గట్టిగా అడగండి. ఇంకో మాట. ఆ వైరు లోపల ఉంటుంది కాబట్టి రాత్రీ పగలూ పనిచేస్తుంది. మీరనే బయటి పద్ధతి వచ్చినా, ఎలక్ట్రోడ్లు తలకి పెట్టుకున్నంతసేపే కరెంటు. అది ఇంట్లో పెట్టుకునే రూపంలో రాకపోతే మన ఊళ్ళ నుంచి ఎన్నిసార్లు తిరగాలి?

మహేంద్రగిరి_మాస్టారు:
అమ్మాయి చెప్పింది సరైన ప్రశ్న. నాకు తట్టలేదు.

కొరాపుట్_కోడలు:
ఇంతకీ మీ నాన్నగారు ఏమంటున్నారు? ఇన్ని రాశారు, ఆయన మాట ఒక్కటీ లేదు.

వంశధార_గుణుపురం:
అడగలేదండీ. రాత్రి ఎనిమిదింటి మాత్ర పడి మాట తేటగా ఉన్నప్పుడు మీరందరూ రాసింది చదివి వినిపించాను. రక్తస్రావం సంగతి కూడా. కళ్ళు మూసుకుని విన్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింది. అంతా అయ్యాక ఒకటే అడిగాడు: ‘బ్యాటరీ అయిపోతే మళ్ళీ తల కోస్తారా?’ తెలిసినవాళ్ళు చెప్పండి, ఆయన పడుకోలేదు.

కొరాపుట్_కోడలు:
కోయరు. బ్యాటరీ మెడ కింద, ఛాతీ చర్మం లోపల ఉంటుంది. అక్కడే విప్పి మారుస్తారు, తల జోలికి రారు. మామూలుది కొన్నేళ్ళకి మార్చాలి, ఛార్జింగ్ పెట్టుకునేది ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. కావాలంటే ఇప్పుడే ఫోన్ చేయండి, మా మామగారు మేలుకునే ఉన్నారు. నాన్నగారితో ఆయనే మాట్లాడతానంటున్నారు.