ఇల్లరికం, భరణం, అప్పులు: పెళ్లికి ముందు రాసుకున్న ఒప్పందం చెల్లుతుందా?

ప్రశ్న (రాజోలు):
అందరికీ నమస్కారం. మా తల్లిదండ్రులకు నేను ఒక్కతే కూతురిని. వచ్చే మాఘమాసంలో నా పెళ్లి. వరుడిది భీమవరం దగ్గర ఊరు. వారికి రొయ్యల చెరువుల లీజులు, వాటి మీద అప్పులు ఉన్నాయి. నాన్నగారు పసుపు కుంకుమ కింద రెండెకరాల కొబ్బరితోట ఇస్తున్నారు. అల్లుడు ఇల్లరికం ఉండాలని, ఒకవేళ విడిపోతే ఒకరినొకరు భరణం అడగకూడదని, ఆ అప్పులతో నాకు సంబంధం లేదని స్టాంపు కాగితం మీద రాయించాలని ఆయన పట్టుదల. వరుడు అభ్యంతరం చెప్పలేదు. ఇటువంటి ప్రీనప్షియల్ అగ్రిమెంటు చెల్లుతుందా?

జవాబు 1 (న్యాయవాది, రాజమహేంద్రవరం):
అమ్మా, 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఈ ఒప్పందాల ప్రస్తావనే లేదు. గోవాలో 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ఇప్పటికీ అమలులో ఉన్నందువల్ల అక్కడి దంపతులు పెళ్లికి ముందే ఆస్తుల ఒప్పందం రాసుకోగలరు. మన దగ్గర మాత్రం అది 1872 నాటి కాంట్రాక్టు చట్టం ముందు నిలవాలి. పబ్లిక్ పాలసీకి, అంటే ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని అందులోని 23వ సెక్షను చెబుతుంది. అత్తవారింట్లోనే ఉంటానని పెళ్లికి ముందు వరుడు రాసిచ్చిన ఒప్పందం చెల్లదని 1901లోనే కలకత్తా హైకోర్టు తేల్చింది. అల్లుడు ఇష్టపడి మీ ఇంట్లో ఉంటే సంతోషమే గాని, కాగితం చూపించి ఉంచలేరు.

భరణం షరతు నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. భరణం వద్దని ముందే సంతకం పెట్టినంత మాత్రాన ఆ హక్కు పోదు; కోర్టు అప్పటి పరిస్థితులను చూసే నిర్ణయిస్తుంది. మీ నాన్నగారు మీ మేలు కోరే ఆ మాట రాయిస్తున్నారు, కానీ అదే చెల్లే పక్షంలో ముందు నష్టపోయేది మీరే. దయచేసి తీసివేయించండి.

జవాబు 2 (దస్తావేజు లేఖరి, అమలాపురం):
తోట సంగతి చెబుతాను. పసుపు కుంకుమ పొలాన్ని నోటిమాటగానో తెల్లకాగితం మీదనో ఇచ్చి ఊరుకోవడం మన కోనసీమలో పాత అలవాటు, తరవాతి తగాదాలన్నీ అక్కడే మొదలవుతాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దానానికి ఇద్దరు సాక్షుల సంతకాలు, రిజిస్ట్రేషను తప్పనిసరి. పెళ్లికి ముందే మీ ఒక్కరి పేరున గిఫ్టు దస్తావేజు చేయించి, పాసుపుస్తకం మార్పించుకోండి. 1956 నాటి వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం అది మీ సంపూర్ణ హక్కు అవుతుంది. నగలకు, కానుకలకు వధూవరులిద్దరూ సంతకం చేసిన జాబితా ఉంచుకోవాలని వరకట్న నిషేధ చట్టం కింద 1985 నాటి నియమాలు చెబుతున్నాయి. దాన్ని మొహమాటపడి వదిలేయకండి.

జవాబు 3 (పాలకొల్లు):
చెల్లీ, మాదీ చెరువుల మీద బతికే ఇల్లే. భార్య అయినంత మాత్రాన భర్త అప్పు నీ నెత్తిన పడదు. హామీదారుగానో సహరుణగ్రహీతగానో సంతకం పెడితే మాత్రం పడుతుంది. పంట దెబ్బతిన్న ఏడాది లోను తిరగరాసేటప్పుడు కోడలి సంతకం, ఆమె పొలం తనఖా అడగడం మా వైపు మామూలే. కాబట్టి అప్పు ఎంత, ఎవరి పేరున ఉంది, ఏ భూమి తనఖాలో ఉంది అన్నవి ముహూర్తానికి ముందే పెద్దల సమక్షంలో అడిగి, ఈసీ (భూమి మీద తనఖాలు, లావాదేవీలు చూపే రిజిస్ట్రారు ఆఫీసు పత్రం) తీయించి చూసుకో. నీ తోటను తనఖా పెట్టబోనని అబ్బాయితో ఇప్పుడే స్పష్టంగా చెప్పు.