ట్రోవెల్ మెడ మళ్లీ వంగింది, ఈసారి ఏం కొనమంటారు?

ప్రశ్న:
నమస్కారమండీ. మేడ మీద పన్నెండు కుండీలు, పెరట్లో మంచమంత మడి, అదే నా తోట. మొదట్లో రంగు రంగుల ప్లాస్టిక్ పిడులు చూసి మురిసిపోయి అయిదు పనిముట్ల సెట్టు కొన్నాను. మూడో వారానికే ట్రోవెల్ (మట్టి తవ్వే చిన్న చేతిపార) మెడ వంగింది, అదే బ్లేడు పిడికి కలిసేచోట. సుత్తితో కొట్టి సరిచేశాను. నిన్న ఎండిన మట్టిలో గుచ్చి పైకెత్తబోతే మళ్లీ అక్కడే మడత పడింది, సన్నగా చీలిక కూడా కనిపిస్తోంది. కత్తెరదీ అదే వరస. గులాబీ కొమ్మ తెగదు, నలుగుతుంది. తొక్క పీచులా వేలాడుతుంటే చూడలేకపోతున్నాను. మిగతా మూడింటినీ ముట్టుకున్నదే లేదు. ఈసారి విడివిడిగా కొందామనుకుంటున్నా. ముందు ఏవి కొనాలి? చేతిలో పట్టుకుని ఏం చూడాలి?

జవాబు 1:
మీ తోటకి ట్రోవెల్, కత్తెర చాలండీ. మిగతావి అవసరం పడినప్పుడు చూసుకోవచ్చు.

ట్రోవెల్ వంగేది ఎక్కువగా మెడ దగ్గరే. గట్టి మట్టిలో గుచ్చి గునపంలా పెళ్లగిస్తాం కదా, ఆ బలమంతా అక్కడే పడుతుంది. పలుచని రేకు మడిచి చేసిన మెడ దాన్ని ఎంతకాలం ఓర్చుకుంటుంది? బ్లేడూ మెడా ఒకే ముక్కగా ఉన్నది, మందంగా ఉన్నది తీసుకోండి. కొనేముందు మొనను నేలకి ఆనించి పిడి మీద కాస్త బరువు వేయండి. మెడ ఊగినట్టనిపిస్తే అక్కడే పెట్టేసి వచ్చేయండి. ఇంకోటి, మట్టి అంతలా ఎండితే ముందురోజు నీళ్లు పోసి తవ్వండి. ఎంత మంచి ట్రోవెలైనా రాయిని తవ్వదు.

కత్తెరల్లో రెండు రకాలు. బైపాస్‌లో రెండు బ్లేడ్లు మామూలు కత్తెరలా ఒకదాని పక్కగా ఒకటి జారిపోతాయి. పచ్చి కొమ్మలకి అదే కావాలి. అన్విల్ రకంలో ఒకే బ్లేడు వచ్చి చదునైన పట్టీ మీద ఆగుతుంది. అది ఎండు పుల్లలకి బాగుంటుంది, పచ్చి కొమ్మని మాత్రం నలిపేస్తుంది. మీది ఏ రకమో చూడండి. బైపాసే అయితే మధ్యలో బోల్టు వదులై ఉండొచ్చు. బిగించి ఒక కాగితం కోసి చూడండి. దేనితోనైనా బొటనవేలికన్నా లావు కొమ్మ జోలికి పోవద్దు, దానికి చిన్న రంపం ఉండాలి.

జవాబు 2:
పైన చెప్పినదంతా నిజమే. నేనైతే కలుపు తీసే బొరిగ కూడా కొనమంటాను, వేళ్లతో పీకితే వేరు లోపలే ఉండిపోతుంది. కత్తెర పూర్తిగా తెరిచి పట్టుకుని చూడండి. నావి చిన్న చేతులు, పెద్ద కత్తెర కొని ఆరు నెలలు మణికట్టు నొప్పితో తిరిగాను. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు టెన్షన్ తక్కువ. మామూలు ఉక్కు పదును చక్కగా పడుతుంది కానీ, పని అయ్యాక తుడిచి నూనె చుక్క రాయాల్సిందే. తెగులున్న మొక్కని కోస్తే బ్లేడుని స్పిరిట్‌తో తుడిచాకే ఇంకో మొక్క ముట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. నాది అన్విల్! ఒకవైపు చదునుగా పట్టీ ఉంది, ఇన్నాళ్లూ అదీ బ్లేడే, మొద్దుబారిందనుకున్నా. ఎండిన పుల్ల పెడితే టక్కున తెగింది. అనవసరంగా తిట్టాను దాన్ని. పచ్చి కొమ్మలకి బైపాస్ కొంటాను, చిన్న సైజుది. ట్రోవెల్‌కి మాత్రం మీరన్న మొన పరీక్ష పెట్టబోతే మెడ ఊడి పిడి చేతికొచ్చింది.